ఒకే గదిలో ఎనిమిది మంది



మొన్న పేపరు తిరగేస్తుంటే ఒక వార్త కంటబడింది. కాలువ నీళ్ళ విషయంలో ప్రభుత్వం తమ ప్రాంతం మీద సవతి తల్లి ప్రేమ చూపిస్తోందని ఒక నాయకుడుగారు సభలో విరుచుకుపడ్డారట. చదివి నవ్వుకున్నాను గానీ, ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. నీళ్ళు రాకపోయినా సవతి తల్లే, రోడ్డు పడకపోయినా సవతి తల్లే! పాపం, ఆవిడ ఏం చేసిందని?

ముల్లు ఎందుకు గుచ్చుకుందో కూడా చెప్పేస్తాను. పదో తరగతితో చదువు ఆపేసి ఇంట్లో ఉన్న నన్ను, ఇద్దరు పిల్లలున్న ఇంటికి రెండో భార్యగా ఇచ్చారు. పెద్దపిల్లకి అప్పటికి తొమ్మిదేళ్ళు, పిల్లవాడికి ఆరు. ఆ తర్వాత నాకూ ఒక అబ్బాయి పుట్టాడు. అంచేత ఇలాంటి కుటుంబాల సంగతి ఎక్కడ కనబడినా చదువుతాను. అలా చదివినవాటిలో నాకు బాగా నచ్చిన ఒక ఇంటి చరిత్ర ఇవాళ మీకు చెబుతాను. మన దేశపు ఇల్లు కాదు. అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలో, అడవి మధ్య దుంగలతో కట్టిన ఒంటిగది ఇల్లు. అందులో పెరిగిన పిల్లవాడు అబ్రహాం లింకన్. ఇంట్లో వాళ్ళకి ఏబ్.

లింకన్ అనగానే బానిసల విముక్తి, అంతర్యుద్ధం, ఆ పొడుగాటి టోపీ గుర్తొస్తాయి. అవన్నీ పెద్దవాళ్ళు పుస్తకాల్లో రాశారు. నేను ఆ ఇంటి పొయ్యి దగ్గర సంగతులే చెబుతాను.

తండ్రి థామస్ లింకన్ వడ్రంగి, వ్యవసాయదారుడు. తల్లి నాన్సీ హాంక్స్. 1807లో ఆడపిల్ల, 1809 ఫిబ్రవరి 12న ఏబ్ పుట్టారు. ఇంకో మగపిల్లవాడు పుట్టి పసికందుగానే పోయాడు. 1816 చలికాలంలో కెంటకీ వదిలి ఇండియానా అడవుల్లో లిటిల్ పిజియన్ క్రీక్ అనే వాగు దగ్గరికి చేరారు. చెట్లు కొట్టుకుంటూ, నేల చదును చేసుకుంటూ బతుకు మొదలుపెట్టారు.

రెండేళ్ళు తిరగకుండానే ఆ ప్రాంతానికి పాలజబ్బు వచ్చింది. అడవిలో తెల్లపూల మొక్క ఒకటుంది. ఆవులు దాన్ని మేస్తే ఆ విషం పాలలోకి దిగుతుంది. అది మొక్క వల్ల వస్తోందని ఆ రోజుల్లో వాళ్ళకి తెలియదు. పిల్లలకి బలమని తల్లులు ఇచ్చే పాలే ప్రాణం తీసేవి. నాన్సీని పెంచిన పిన్ని, ఆవిడ భర్త ఇద్దరూ ముందు పోయారు. 1818 అక్టోబరు 5న నాన్సీ పోయింది. ఆవిడకి అప్పటికి ముప్ఫైనాలుగేళ్ళు. శవపేటిక థామసే చేశాడు. దానికి చెక్క మేకులు చెక్కి ఇచ్చింది తొమ్మిదేళ్ళ ఏబ్ అని చెబుతారు.

ఆ పిన్ని ఇంట్లో పెరుగుతున్న డెన్నిస్ హాంక్స్ అనే కుర్రవాడు ఉన్నాడు. నాన్సీకి వరసకి తమ్ముడు. పందొమ్మిదేళ్ళవాడు. దిక్కులేక వీళ్ళ ఇంట్లోకే వచ్చి చేరాడు. వంట చేసేది ఎవరు? పదకొండేళ్ళ ఆడపిల్ల. ఆ పిల్ల పేరు ఇంగ్లీషులో పలికితే మనకి కల్లు దుకాణం గుర్తొస్తుంది కాబట్టి నేను శారా అంటాను. ఆ పిల్ల పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తుంటే, ఊరుకోబెట్టడానికి ఏబూ తనూ కలిసి అడవిలోంచి ఒక రకూన్ పిల్లనీ తాబేలునీ పట్టుకొచ్చి ఇచ్చామని డెన్నిస్ ముసలితనంలో చెప్పుకున్నాడు. లేడిపిల్లని పట్టాలని కూడా చూశారట, దొరకలేదు. తల్లి పోయిన పిల్లకి తాబేలు! మగపిల్లల బుద్ధి అంతే ఆలోచించగలదు. కానీ ఆ ఆలోచన కలిగినందుకు ఇద్దరినీ దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది.

ఏడాది పైగా అలా గడిచింది. 1819 చలికాలం మొదట్లో థామస్ పిల్లల్ని డెన్నిస్‌కి అప్పజెప్పి కెంటకీ వెళ్ళాడు. అక్కడ ఎలిజబెత్‌టౌన్‌లో శారా బుష్ అనే ఆవిడ ఉంది. చూశారా, ఈవిడ పేరూ శారాయే. అంచేత ఈవిడని పెద్ద శారా అందాం. చిన్నతనం నుంచీ థామస్ ఎరిగిన మనిషే. ఈవిడ భర్త జాన్‌స్టన్ ఆ కౌంటీ జైలుకి కాపలా అధికారి. ఆయన 1816లో పోయాడు. ముగ్గురు పిల్లలు, ఎలిజబెత్, మటిల్డా, జాన్. ఆవిడకి ముప్ఫై దాటబోతున్నాయి.

వాళ్ళ పెళ్ళి మాటలు ఎలా జరిగాయో ఆ ఊరి కోర్టు గుమాస్తా ఒకాయన తర్వాత రాశాడు. థామస్ ఆవిడ గుమ్మంలో నిలబడి, నాకు భార్య లేదు, నీకు భర్త లేడు, ఒకరినొకరం చిన్నప్పటినుంచి ఎరుగుదుం, నాకు టైము లేదు, నీకు ఇష్టమైతే వెంటనే చేసుకుందాం అన్నాడట. ప్రేమ కబుర్లేమీ లేవు. ఆవిడ సమాధానం ఇంకా బాగుంది. నాకు కొద్దిగా అప్పులున్నాయి, అవి తీర్చకుండా ఊరు కదలను అంది. థామస్ ఆ చిట్టా పుచ్చుకెళ్ళి ఆ సాయంత్రమే బాకీలు తీర్చేసి వచ్చాడు. 1819 డిసెంబరు 2న పెళ్ళయింది. నాకు ఆ అప్పుల మాటే ఎంతో నచ్చింది. కొత్త సంసారంలోకి పాత బాకీ మోసుకుపోకూడదన్న మనిషి, ఆ ఇంట్లో ఎలా ఉంటుందో అక్కడే తెలిసిపోయింది.

ఆవిడ సామాను నాలుగు గుర్రాల బండికి సరిపోయింది. బండి థామస్ బావమరిది దగ్గర అరువు తెచ్చినది. పరుపులు, దుప్పట్లు, కుర్చీలు, బల్ల, రాట్నం, గిన్నెలు, చెంచాలు, అన్నిటికీ మించి నలభై డాలర్ల ఖరీదు చేసే సొరుగుల బీరువా. ఇంత ఖరీదైన వస్తువు మనలాంటి వాళ్ళింట్లో ఉండకూడదు, అమ్మేయమని థామస్ అన్నా ఆవిడ వినలేదని చెబుతారు. సరిగ్గా చేసింది. పుట్టింటి బీరువా అమ్మే ఆడది ఎక్కడైనా ఉంటుందా?

బండి వెళ్ళి ఆ దుంగల ఇంటి ముందు ఆగింది. ఇక్కడ ఒక్క నిమిషం మనం ఆ పిల్లల పక్కన నిలబడి చూడాలి. చింపిరి తలలు, మురికి బట్టలు, ఏడాదిగా సబ్బు ఎరగని ఒళ్ళు. బండిలోంచి ఎవరో కొత్తావిడ దిగింది. వెనకాల మంచి బట్టలు వేసుకున్న ముగ్గురు పిల్లలు దిగారు. ఇంటి నిండా ఎంతుందో తెలియని తిండి. అది ఇప్పుడు ముగ్గురి మధ్యా కాదు, ఆరుగురి మధ్య పంచుకోవాలి. నాన్న మనవాడేనా, వాళ్ళవాడు కూడానా? ఇలాంటి ప్రశ్నలు పిల్లలు పైకి అడగరు. కళ్ళతో అడుగుతారు.

పెద్ద శారా చేసిన మొదటి పని, నీళ్ళు కాచి ఆ ఇద్దరికీ ఒళ్ళు రుద్ది స్నానం చేయించి, తల దువ్వి, తన పిల్లల బట్టలు తొడగడం. అప్పుడు గానీ మనుషుల్లా కనిపించలేదని ముసలితనంలో ఆవిడే చెప్పింది. తర్వాత థామస్‌ని కూర్చోనివ్వలేదు. ఇంటికి నేల లేదు, వట్టి మట్టి. చెక్కలు చిత్రిక పట్టి నేల వేయించింది. తలుపూ కిటికీ సరిగా పెట్టించింది. చేతిలో పని ఉన్న వడ్రంగి ఇంట్లోనే తలుపు సరిగా ఉండదని మనకి తెలియనిదా! ఆకుల పడకల స్థానంలో పరుపులు వచ్చాయి. మగపిల్లలు అటక మీద, గోడకి కొట్టిన మేకులు పట్టుకుని ఎక్కాలి. మిగిలినవాళ్ళు కింద. ఒకే గదిలో థామస్, పెద్ద శారా, చిన్న శారా, ఏబ్, డెన్నిస్, ఎలిజబెత్, మటిల్డా, జాన్. లెక్కపెట్టండి, ఎనిమిది మంది. మూడు ఇళ్ళ బూడిదలోంచి వచ్చి ఒక పొయ్యి చుట్టూ చేరినవాళ్ళు.

నా సంగతి ఒకటి చెప్పనా? నేను కాపురానికి వచ్చిన వారానికి పెద్దపిల్లకి జడ వేస్తుంటే, "మా అమ్మ ఇంత గట్టిగా లాగేది కాదు" అంది. నా చేయి ఆగిపోయింది. ఇరుగుపొరుగువాళ్ళ చూపులు సరేసరి. తల దువ్వితే నటన అనేవారు, దువ్వకపోతే చూశారా అనేవారు. పెద్ద శారాకి ఆ బాధ తప్పింది, ఆ అడవిలో కిటికీలోంచి తొంగి చూసే పొరుగింటావిడ కాస్త దూరంగా ఉండేది.

ఇంతకీ ఆ ఇంట్లో ఆనందం ఏమిటంటే, సందడి. ఏడాది పైగా మూగబోయిన ఇంట్లోకి ఒక్కసారిగా ఆటలు వచ్చాయి. పెద్దవాళ్ళు చర్చికి వెళ్ళిన రోజుల్లో ఏబ్ బైబిలు పట్టుకుని చెట్టు మొద్దు ఎక్కి ప్రసంగం చేసేవాడట. పాట ఎత్తుకునేవాడు, ఒక వాక్యం చదివేవాడు, ఉపదేశం దంచేవాడు. మిగతా పిల్లలు ఎదురుగా కూర్చుని భక్తిగా ఏడ్చేవాళ్ళు. ఈ సంగతి చెప్పింది మటిల్డా. ఆవిడ చెబుతున్నప్పటికి లింకన్ పోయి అయిదు నెలలు. దేశమంతా ఆయన ఉపన్యాసాల గురించి చెప్పుకుంటూ ఉంటే ఆవిడకి చెట్టు మొద్దు మీద ఉపన్యాసం గుర్తొచ్చింది.

ఇంకోటి. ఏబ్ తాటిచెట్టులా పెరిగిపోతుంటే పెద్ద శారా వేళాకోళం చేసేది. నీ కాళ్ళు ఎలా ఉన్నా ఫరవాలేదు, నేల కడుక్కోగలను, తల మాత్రం శుభ్రంగా ఉంచుకో, నా కప్పు మాసిపోతుంది అనేదట. ఒకరోజు ఆవిడ బయటికి వెళ్ళినప్పుడు ఏబ్ ఒక చిన్న పిల్లవాడి కాళ్ళకి బురద పూసి, తలకిందులుగా ఎత్తి పట్టుకుని, తెల్లగా సున్నం వేసిన కప్పు మీద నడిపించాడు. ఆవిడ వచ్చి తలెత్తి చూస్తే కప్పు మీద అడుగులు! కొట్టాలో నవ్వాలో తెలియక నవ్వేసింది. ఏబ్ మళ్ళీ సున్నం వేసి ఇచ్చాడు. ఇది వాళ్ళ కుటుంబంలో తరాల పాటు చెప్పుకున్న కథ. మన ఇళ్ళల్లో కూడా ఇలాంటివే కదా, పెళ్ళిళ్ళలో నలుగురూ చేరితే మళ్ళీ మళ్ళీ బయటికి వచ్చేవి! అలాంటి కథ ఒకటి పుట్టిందంటే ఆ ఇంట్లో సవతి గోడ కూలిందని నా లెక్క.

మటిల్డాదే ఇంకో సంగతి. చెట్లు కొట్టడానికి వెళ్తున్న ఏబ్ వెంట వెళ్ళొద్దని తల్లి చెప్పింది. మటిల్డా వింటేనా? చాటుగా వెనకాలే వెళ్ళి ఎగిరి వీపు మీద దూకింది. ఇద్దరూ కిందపడ్డారు. గొడ్డలి ఆ పిల్ల చీలమండ దగ్గర కోసేసింది. ఏబ్ గుడ్డలు చింపి కట్టు కట్టి రక్తం ఆపాడు. అమ్మకి ఏం చెబుతావు అని అడిగాడు. గొడ్డలి తెగింది అంటాను, నిజమే కదా అంది. నిజమే, కానీ మొత్తం నిజం కాదు, మొత్తం చెప్పేయి, అమ్మ ఏం చేస్తుందో చూద్దాం అన్నాడు. ఒక కడుపున పుట్టినవాళ్ళే అన్న మీద నేరం పెట్టి తప్పించుకునే చోటు అది. ఇక్కడ ఆ పిల్ల ఆ సవతి అన్నని, ఆ అన్న ఆ తల్లిని, ఎంత నమ్మారో చూడండి.

మన కథల్లోకి వస్తే, ధ్రువుణ్ణి తండ్రి ఒడిలోంచి లాగేసిన సురుచి అందరికీ తెలుసు. కైకేయి సంగతి చెప్పనే అక్కర్లేదు. అదే భారతంలో మాద్రి పిల్లల్ని కుంతి పెంచడం మాత్రం మనం సామెతల్లోకి ఎక్కించుకోలేదు. యక్షుడు తమ్ముళ్ళలో ఒక్కణ్ణే బతికిస్తానంటే ధర్మరాజు భీముణ్ణీ అడగలేదు, అర్జునుణ్ణీ అడగలేదు. కుంతికి నేనున్నాను, మాద్రికి కూడా ఒక కొడుకు మిగలాలని నకులుణ్ణి అడిగాడు. అలాంటి కొడుకుని పెంచిన ఇంట్లో రోజూ అన్నం ఎలా వడ్డించి ఉంటారో నాకు తెలుసుకోవాలని ఉంటుంది.

ఒక తేడా మాత్రం ఉంది. పిల్లలున్న మగవాడు మళ్ళీ పెళ్ళి చేసుకోవడం మనకి ఎప్పుడూ కొత్త కాదు. పిల్లలున్న ఆడది పిల్లల్ని వెంటబెట్టుకుని రెండో కాపురానికి వెళ్ళడమే కొత్త. అది కూడా అందరికీ కాదు. మన చాలా కులాల్లో మారుమనువు తరతరాలుగా ఉన్నదే. పెద్ద కులాలమనుకున్న వాళ్ళ ఇళ్ళల్లోనే అది తప్పయింది. 1856లో వితంతు వివాహం చెల్లుతుందని చట్టం వచ్చినా, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించడానికి 1881 డిసెంబరు 11 దాకా పట్టింది. అప్పుడు కూడా ఊరు ఊరంతా లేచింది. ఆయన జరిపించినవి ఎక్కువగా పసితనంలో భర్త పోయిన పిల్లల పెళ్ళిళ్ళు. అంతకి అరవై రెండేళ్ళ ముందు ఎలిజబెత్‌టౌన్‌లో ముగ్గురు పిల్లల తల్లి, అప్పులు తీరిస్తే వస్తానని నిబ్బరంగా చెప్పగలిగింది. అక్కడి ఆడవాళ్ళకి అన్నీ బాగున్నాయని నేను అనను. ఆ ఒక్క తలుపు మాత్రం తెరిచి ఉంది.

సరే, మళ్ళీ ఆ ఇంటికి వెళ్దాం.

పెద్ద శారాకి చదువు రాదు. సంతకం చేయాల్సిన చోట గుర్తు పెట్టేది. అయినా ఆవిడ సామానులో కొన్ని పుస్తకాలు కూడా వచ్చాయని అంటారు. ఏబ్ బడికి వెళ్ళింది అన్నీ కలిపినా ఏడాదికి మించదు. కానీ చేతికి దొరికిన ప్రతి కాగితం చదివేవాడు. నచ్చిన మాట కనిపిస్తే, కాగితం లేకపోతే చెక్క మీద రాసుకునేవాడు. చెక్క నల్లబడితే గీకి మళ్ళీ రాసేవాడు. పొలం పనికి ఎదిగిన కుర్రవాడు పుస్తకం పట్టుకు కూర్చుంటే ఆ రోజుల్లో ఇరుగుపొరుగు బద్ధకం అనేవారు. ఆవిడ మాత్రం చదువుతున్నప్పుడు వాణ్ణి కదపకూడదని ఇంట్లో అందరికీ చెప్పింది. తన బుర్రా వాడి బుర్రా ఒకే దారిలో నడిచేవని ఆవిడ తర్వాత చెప్పుకుంది. అక్షరం రాని మనిషి, ఎప్పుడూ పుస్తకంలో తల దూర్చే పిల్లవాడి గురించి చెప్పిన మాట ఇది.

థామస్‌కీ ఏబ్‌కీ మాత్రం అంత కుదరలేదు. ఇది దాచిపెట్టి చెబితే మటిల్డా చెప్పినట్టు సగం నిజమే అవుతుంది. తండ్రికి పని చేసే కొడుకు కావాలి. సవతి కొడుకు జాన్ ఆయనకి దగ్గరయ్యాడు, కన్నకొడుకు దూరమయ్యాడు. చూశారా చిత్రం, సవతి తల్లి వాడిని కడుపులో పెట్టుకుంది, కన్నతండ్రి దగ్గర వాడికి చోటు ఇరుకైంది. కలిసిన కుటుంబంలో ప్రేమ ఎటు పోతుందో ముందుగా గీత గీసి చెప్పలేం.

పిల్లలు పెద్దయ్యారు. 1821లో డెన్నిస్ ఎలిజబెత్‌ని పెళ్ళి చేసుకున్నాడు. అంటే మొదటి భార్య తరఫు కుర్రవాడు రెండో భార్యకి అల్లుడయ్యాడు. 1826లో మటిల్డాని డెన్నిస్ సవతి తమ్ముడు స్క్వైర్ హాల్ చేసుకున్నాడు. మన మేనరికాల్లాగా ముడి మీద ముడి! అదే ఏడు చిన్న శారాకి కూడా పెళ్ళయింది. 1828 జనవరిలో పురిటిలో పోయింది. ఇరవయ్యొకటి నిండలేదు. పదకొండేళ్ళకే పొయ్యి దగ్గర కూర్చున్న పిల్ల. ఏబ్‌కి తల్లి తర్వాత తగిలిన పెద్ద దెబ్బ అది. ఆవిడ కోసం ఏడవడానికి అప్పటికి ఆ ఇంట్లో చాలామంది ఉన్నారు, తల్లి పోయినప్పుడు అంతమంది లేరు.

1830 మార్చిలో అందరూ కలిసి ఇల్లినాయిస్ బయల్దేరారు. పెద్దలిద్దరు, ఏబ్, జాన్, డెన్నిస్ దంపతులు వాళ్ళ నలుగురు పిల్లలు, మటిల్డా దంపతులు వాళ్ళ బాబు. పదమూడు మంది, ఎద్దుల బళ్ళు. పదేళ్ళ కిందట ముక్కలుగా చేరినవాళ్ళు, విడిపోవడానికి వీలున్నప్పుడు కూడా విడిపోలేదు. మరుసటి ఏడు ఏబ్ మాత్రం తన దారిన తను వెళ్ళాడు. కొట్టులో పని, పోస్టాఫీసు, లా చదువు, రాజకీయాలు, అవన్నీ మీకు తెలిసినవే.

పెద్దవాడయ్యాక ఆ బంధం ఏమైందన్నదే అసలు పరీక్ష. 1841లో లింకన్ తండ్రి భూమిలో 40 ఎకరాలు 200 డాలర్లు ఇచ్చి కొన్నాడు. కొని, మీరు ఉన్నన్నాళ్ళూ మీరే అనుభవించండి అని రాసిచ్చాడు. డబ్బు వాళ్ళకి, భూమి కూడా వాళ్ళకే! ఎలిజబెత్ కూతురు హారియెట్ చదువుకోవాలంటే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. సవతి అక్క కూతురే. మనకైతే మేనకోడలు అంటే చాలు, మధ్యలో సవతి అన్న మాట ఎందుకు?

జాన్‌తోనే తిప్పలు. 1848లో లింకన్ కాంగ్రెసు సభ్యుడిగా ఉన్నప్పుడు జాన్ 80 డాలర్లు అప్పు అడిగాడు. లింకన్ రాసిన జవాబు చదివితే, మన ఇళ్ళల్లో పెద్దన్నలు రాసే ఉత్తరం చదివినట్టే ఉంటుంది. నువ్వు సోమరివి కాదు గానీ పని చేయకుండా కూర్చునే అలవాటు పడ్డావు, ఇవాళ్టినుంచి మే 1 దాకా నువ్వు కూలి చేసి సంపాదించే ప్రతి డాలరుకీ నేనో డాలరు కలుపుతాను అన్నాడు. ఊరికే ఇవ్వడు, వదిలిపెట్టడు. 1851లో జాన్ భూమి అమ్మేసి మిస్సోరీ పోతానంటే, ఆ 40 ఎకరాలు అమ్మ బతికున్నంతకాలం అమ్మ కోసం అలాగే ఉంచుతాను అని గట్టిగా రాశాడు. తమాషా ఏమిటంటే, జాన్ ఆవిడ కన్నకొడుకు. కన్నకొడుకు భూమి అమ్ముతానంటే సవతి కొడుకు అడ్డుపడి, అమ్మ అని రాశాడు.

అదే 1851 జనవరిలో థామస్ మంచాన పడ్డాడు. లింకన్ వెళ్ళలేదు. ఇంట్లో భార్యకి ఒంట్లో బాగాలేదని, పనులున్నాయని, ఇప్పుడు కలిసినా అది సంతోషం కంటే బాధే ఎక్కువ ఇస్తుందేమోనని జాన్‌కి రాశాడు. 17వ తేదీన తండ్రి పోయాడు. రెండేళ్ళకి పుట్టిన కొడుక్కి మాత్రం థామస్ అని పేరు పెట్టాడు. తండ్రి మీద మనసులో ఏముందో ఆ పేరుని బట్టి మనం ఊహించుకోవాల్సిందే.

నా ఇంటి సంగతి మొదలుపెట్టి వదిలేశాను. మా చిన్నవాడు పుట్టాక ఒకరోజు పెరుగు వడ్డిస్తూ మీగడంతా వాడి కంచంలోకి తోశాను. కావాలని కాదు, చేయి అటు వెళ్ళింది. తలెత్తితే పెద్దపిల్ల నా చేయి వైపే చూస్తోంది. ఏమీ అనలేదు. మజ్జిగ పోసుకుని లేచిపోయింది. మర్నాటి నుంచి కొన్నాళ్ళు మీగడ ఆ పిల్లకే వేశాను. అది ఇంకా తప్పు. పిల్లలు అన్నీ లెక్కపెడతారు, సరిదిద్దుకోవడానికి వేసిన మీగడ కూడా లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు తను కాపురం చేసుకుంటోంది. మొదటి పురుటికి నేనే రావాలని కబురు చేసింది. నలభై రోజులు ఉండి వచ్చాను. తను పిలిచేది పిన్నీ అనే. నేనూ మార్చమనలేదు.

అందుకే ఆ ముసలావిడ చెప్పిన ఒక మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అది చెబుతాను.

1861 జనవరి ఆఖరున లింకన్, అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికై, వాషింగ్టన్ వెళ్ళే ముందు కోల్స్ కౌంటీకి వచ్చాడు. ఎన్నో పనులు నెత్తిన ఉన్నాయి, దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటే విడిపోతున్నాయి. అయినా రైలు దిగి, మర్నాడు బగ్గీలో ఊళ్ళు దాటి, తండ్రి సమాధి చూసి, మటిల్డా ఇంట్లో ఉంటున్న పెద్ద శారా దగ్గరికి వెళ్ళాడు. ఆవిడకి డెబ్భై రెండేళ్ళు. ఆవిడకి కొడుకు పెద్ద పదవిలోకి వెళ్తున్నాడన్న సంబరం లేదు. అసలు వాడు ఎన్నికలకి నిలబడటమే ఆవిడకి ఇష్టం లేదు. శత్రువులు వాడికి ఏదో చేస్తారు, మళ్ళీ చూడను అని మనసులో పడిపోయింది. ఆ రోజు విడిచిపెట్టి వెళ్ళడం ఇద్దరికీ కష్టమైంది. ఆవిడ భయపడ్డట్టే అయింది. 1865 ఏప్రిల్ 14న కాల్చారు, మర్నాడు పొద్దున్నే పోయాడు.

ఆ సెప్టెంబరు 8న హెర్న్‌డన్ అనే ఆయన ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్‌తో కలిసి వకీలు పని చేసిన మనిషి, లింకన్ జీవితం రాయాలని ఎరిగినవాళ్ళందరినీ అడిగి తెలుసుకుంటున్నాడు. ఆవిడ మొదట మాట సరిగా రాక, కొంచెం కొంచెంగా చెప్పింది. ఏబ్ తనకి ఎన్నడూ ఎదురు చెప్పలేదట, కసురుగా ఒక్క చూపు కూడా చూడలేదట. వెయ్యిమందిలో ఒక తల్లి కూడా ఈ మాట అనలేదు, నేను అనగలను అంది. తర్వాత అంది, నాకు జాన్ అని ఒక కొడుకు ఉండేవాడు, వాడూ ఏబ్‌తోనే పెరిగాడు, ఇద్దరూ మంచి పిల్లలే. ఇప్పుడు ఇద్దరూ లేరు కాబట్టి చెబుతున్నాను, నేను చూసిన వాళ్ళలో ఏబ్ లాంటి మంచి పిల్లవాడు లేడు అని.

జాన్ 1854లోనే పోయాడు. బతికుండగా ఆవిడ ఈ మాట అనలేదు. ఇద్దరూ పోయేదాకా ఆగింది. ఎంత జాగ్రత్త! నేను నా చేతి మీగడ తలుచుకున్నాను.

వెళ్ళబోయే ముందు ఆవిడ హెర్న్‌డన్‌కి కొన్ని కాగితాలు తీసి ఇచ్చింది. ఏబ్ కుర్రతనంలో లెక్కలు చేసుకున్న పుస్తకం తాలూకు పేజీలు. హెచ్చవేతలు, భాగహారాలు. రెండు రాష్ట్రాలు మారి, బళ్ళ మీద సామాను ఎత్తి దింపి, నలభై ఏళ్ళు గడిచాక కూడా అవి ఆవిడ దగ్గర ఉన్నాయి. అందులో ఒక్క అంకె కూడా ఆవిడ చదవలేదు.

1869 ఏప్రిల్‌లో ఆవిడ పోయింది. ఎనభై ఏళ్ళు. ఆ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి.